'వద్దే... ఇంట్లో నాలుగున్నాయి!'

జనవరి వస్తే చాలు, హైదరాబాద్‌లో చాలామంది ఆడవాళ్ల ఫోన్లలో వినిపించే మాట ఒకటే... 'ఏమే, నుమాయిష్‌కి ఎప్పుడెళ్దాం?' అడిగేది శ్రీవారిని కాదు. ఆయనొస్తే మూడో దుకాణం దగ్గరే గడియారం చూసుకుంటారు. పిల్లలొస్తే జెయింట్ వీల్ వదలరు. అందుకే ఆ పిలుపు నేస్తానికి!

ఒకరిది కూకట్‌పల్లి, మరొకరిది దిల్‌సుఖ్‌నగర్ అనుకోండి. ఊరు ఒకటే అయినా పెళ్లి, ఉద్యోగం, పిల్లల పరీక్షల మధ్య కలుసుకోవడం గగనమే. మెట్రో పుణ్యమా అని ఇప్పుడు చెరో దిక్కు నుంచీ ఒకే లైనులో వచ్చి గాంధీభవన్ దగ్గర దిగేయొచ్చు. అక్కణ్నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం ఎంతో దూరం లేదు.

1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన మేళా ఇది. 1946లో నాంపల్లికి మారింది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీదే సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయం. ఆ కాలేజీలో చదువుకున్నవాళ్లకైతే ఇది పుట్టింటికి వెళ్లినట్టే. కరోనా వల్ల 2021లో నుమాయిష్ జరగనప్పుడు ఏడాదికోసారి దొరికే ఆ ఒక్క పూటా లేకుండాపోయింది.

లోపలికెళ్లాక కాళ్లు ముందు కశ్మీరీ స్టాళ్ల వైపే లాగుతాయి. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజులు 'చిల్లై కలాన్', ఎముకలు కొరికే చలి. సరిగ్గా ఆ రోజుల్లోనే శాలువాల మూటలు మన దగ్గరికి దిగుతాయి. మన చలికి అవి ఎంత అవసరమన్నది వేరే ప్రశ్న!

'ప్యూర్ పష్మీనా దీదీ' అంటూ వ్యాపారి ఇరవై పరిచేస్తాడు. మనసు జారేది ఇక్కడే. నేస్తం మోచేత్తో పొడిచేదీ ఇక్కడే. అసలు పష్మీనా లద్దాఖ్ మేకల మెత్తటి లోపలి బొచ్చుతో నేసేది. వందల్లో దొరకదు. ఒక పోగు కాలిస్తే ఉన్ని జుట్టు కాలిన వాసనొస్తుంది, యాక్రిలిక్ కరిగి ఉండకడుతుంది. అలాగని స్టాల్లో అగ్గిపుల్ల గీయకండి. 2019 జనవరి 30 రాత్రి మంటల్లో ఎన్నో దుకాణాలు బూడిదైన చోటది. రంగు నచ్చితే కొనుక్కోండి, పష్మీనా ధర మాత్రం ఇవ్వకండి.

బేరమూ ఇద్దరి పనే. ఒకరు అడుగుతుంటే మరొకరు 'పదవే' అంటూ నాలుగడుగులు ముందుకేస్తారు. వెనక నుంచి పిలుపు రావాల్సిందే!

తర్వాత మిర్చిబజ్జీల పొట్లంతో ఓ మూల కూర్చుంటారు. సంచులు విప్పితే ఆయనకి స్వెటర్, అత్తగారికి శాలువా, పిల్లలకి టోపీలు. 'మరి నీకేం కొన్నావే?' ఇంట్లో ఎవరికీ తోచని ప్రశ్న అది. జవాబుండదు. బజ్జీలు చల్లారిపోతాయి. మానేసిన ఉద్యోగం, అమ్మ మోకాళ్ల నొప్పి, ఫోన్లో చెప్పని సంగతులన్నీ బయటికొచ్చేది అప్పుడే. సాయంత్రమంతా 'వద్దే... ఇంట్లో నాలుగున్నాయి' అని ఆపిన ఆ నేస్తమే చేయిపట్టి లఖ్‌నవూ చికన్ దుకాణానికి లాక్కెళ్తుంది.

ఇక చివరి మెట్రోకి పరుగు. 'ఎంతకి కొన్నావ్?' అని ఇంట్లో ఎలాగూ అడుగుతారు. ఏం చెప్పాలో ఇద్దరూ ప్లాట్‌ఫాం మీదే అనేసుకుంటారు!