అడ్రినలిన్‌కే బీపీ పడిపోతే?

అడ్రినలిన్ ఎక్కితే బీపీ పెరుగుతుందనే అందరం అనుకుంటాం. 1906లో బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేల్ దీనికి పూర్తి విరుద్ధమైన ఫలితాన్ని ప్రచురించాడు. ఎర్గాట్ అనే బూజు నుంచి తీసిన మందును ముందుగా ఇచ్చిన పిల్లుల్లో, అడ్రినలిన్ వల్ల రక్తపోటు పెరగకపోగా పడిపోయింది.

దీని గుట్టు విప్పడానికి ఆధారం 1948లో దొరికింది. అడ్రినలిన్‌కు స్పందించే గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని అమెరికాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ ప్రతిపాదించాడు. ఆల్ఫా రక్తనాళాలను బిగిస్తుంది. బీటా గుండె వేగాన్ని పెంచుతుంది, కండరాల్లోని నాళాలను మాత్రం వదులు చేస్తుంది. ఎర్గాట్ మందు ఆల్ఫాను అడ్డుకోవడంతో బీటాది పైచేయి అయింది.

పంటి డాక్టర్లకు ఈ సంగతి ఎందుకంటే, స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు వాడే క్లోర్‌ప్రోమజైన్, క్లోజాపైన్, రిస్పెరిడోన్, క్వెటియాపైన్ కూడా ఆల్ఫా గ్రాహకాలను అడ్డుకుంటాయి. ఇవి వాడేవాళ్లలో కొందరికి చటుక్కున లేస్తే కళ్లు తిరిగేది చాలావరకు ఇందుకే. మరోపక్క, పన్ను పీకే ముందు ఇచ్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్‌లో తరచుగా అడ్రినలిన్ ఉంటుంది. అది చిగురులోని నాళాలను బిగించి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది, మొద్దుబారడం ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది.

మరి ఈ రెండూ కలిస్తే ప్రమాదమేనా? ఎంత ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1:80,000 పాళ్లలో అడ్రినలిన్ కలిపిన మందు రెండు మిల్లీలీటర్లు ఇస్తే ఒంట్లోకి వెళ్లేది 25 మైక్రోగ్రాములే. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఒక విడతలో సాధారణంగా పెట్టుకునే పరిమితి 200. పైగా చిగురు నుంచి అది మెల్లగా రక్తంలో కలుస్తుంది. అందుకే తక్కువ మోతాదులో బీపీ బాగా పడిపోవడం అరుదు. ఇంజెక్షన్లు ఎక్కువైనా, సూది పొరపాటున రక్తనాళంలోకి దిగినా ముప్పు పెరుగుతుంది. సిరంజి పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకున్నాకే డాక్టరు మందును నిదానంగా ఎక్కించేది ఇందుకే.

అలాగని అడ్రినలిన్‌ను పూర్తిగా మానేయడమూ అన్నిసార్లూ మంచిది కాదు. మత్తు చాలక నొప్పి పుడితే, మన అడ్రినల్ గ్రంథులే అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. అవసరమైతే అడ్రినలిన్ లేని మెపివకైన్ వంటివి ఉన్నాయి.

ఒకవేళ కుర్చీలోనే బీపీ పడిపోతే, రోగి ఏ మాత్రలు వాడుతున్నారో తెలియడం కీలకం. ఆల్ఫా మూతపడి ఉన్నప్పుడు బీపీ పెంచుదామని మళ్లీ అడ్రినలిన్ ఇస్తే పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. తీవ్రమైన అలర్జీతో ప్రాణం మీదికి వస్తే మాత్రం అడ్రినలిన్ ఇవ్వాల్సిందే.

బీపీ, షుగర్ మాత్రల పేర్లు చెప్పినంత తేలిగ్గా మానసిక జబ్బు మాత్రల సంగతి మన ఇళ్లలో బయటపెట్టరు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల చీటీ కూడా వెంట ఉండాలి. ఇంజెక్షన్ కోసమని మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. పని అయ్యాక కాసేపు కూర్చుని, నెమ్మదిగా లేవాలి.