అంటుకొనుటయా, చీల్చుటయా?

ఆంగ్లమున క్లీవ్ అను క్రియకు అంటుకొనుట యనియు, చీల్చుట యనియు రెండర్థములు గలవు. నిఘంటువును మాత్రమే నమ్ముకొనిన విద్యార్థి యిచ్చట చిక్కుపడుట సహజము. నిజమునకివి రెండు ప్రాచీన క్రియలు: క్లిఫియన్ అంటుకొనుట, క్లియోఫన్ చీల్చుట. కాలక్రమమున ఉచ్చారణ యొక్కటైనది. గుర్తించుట కష్టము గాదు. వెంట ‘టు’ వచ్చినచో అంటుకొనుటయే. క్లెఫ్ట్, క్లోవెన్ రూపములు చీలికకే చెల్లును. ఆవు గిట్ట క్లోవెన్.

1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ గార్లు తెలుగు నేర్చి సువార్తల ననువదింప బూనిరి. ఆనందరాయరను బ్రాహ్మణుడు తోడ్పడెను. వారిరువురును గతించిన పిమ్మట, 1812లో, మత్తయి, మార్కు, లూకా సువార్తలు సీరాంపూరున అచ్చుపడెను. మత్తయి 19వ అధ్యాయమున దాంపత్యమును జెప్పుచోట 1611 నాటి ఆంగ్లానువాదము వాడినది ఈ క్లీవే. నేటి తెలుగు బైబిలున దానికి ‘హత్తుకొను’ అని యున్నది. చక్కని మాట! అతుకుట వడ్రంగి పని, అంటుకొనుట జిగురు పని; హత్తుకొనుటలో ప్రేమ గలదు.

మన ‘అంటు’ కథ యింతకంటె వింతయైనది. మామిడికి అంటు గట్టినచో మేలుజాతి ఫలము లభించును. అంటువ్యాధి యన్నచో ఊరెల్ల బెదరును. క్లీవ్‌కు మూలములు రెండని ఆంగ్లేయులు చెప్పుకొనవచ్చును. మనకట్టి సాకు లేదు. చెట్టును చెట్టుతో గలిపిన ధాతువునకే ‘రాని’ చేర్చి సాటి మనుష్యులను ఊరి వెలుపల నుంచితిమి. ఆ అంటరానితనమును 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము రద్దుచేసినది.