తల తిప్పే ఫ్యాన్ సంగతులు

ఫ్యాన్ గదిని చల్లబరచదు. తలుపులు మూసిన ఖాళీ గదిలో తిరగనిస్తే మోటారు వేడికి గది రవ్వంత వేడెక్కుతుంది కూడా. చల్లబడేది మనమే. ఒంటిని అంటిపెట్టుకున్న వెచ్చటి, తేమ గాలి పొరను ఫ్యాన్ తోసేస్తే చెమట ఆరుతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాన్ అంటే కరెంటు దండగ!

*

మామూలు టేబుల్ ఫ్యాన్‌లో తల తిప్పడానికి వేరే మోటారు ఉండదు. రెక్కలు తిప్పే ఇరుసే వెనక్కి సాగి, దాని కొసనున్న మరచుట్లతో ఓ పళ్లచక్రాన్ని తిప్పుతుంది. నిమిషానికి వెయ్యికి పైగా తిరిగే వేగం అక్కడ కొద్దిపాటి చుట్లకు పడిపోతుంది. ఆ చక్రానికి తగిలించిన చిన్న కడ్డీ తలను ఓసారి తోస్తుంది, ఓసారి లాగుతుంది. వెనక మీట పైకి లాగితే లంకె విడిపోయి తల నిలిచిపోతుంది. రెక్కలు బాగానే తిరుగుతూ తల మాత్రం మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది అరిగిన ఆ పళ్లచక్రాన్నే. దానికోసం ఫ్యానే మార్చేవాళ్లున్నారు, పాపం.

*

చర్మంలో చలిని పసిగట్టే నాడులు నిలకడైన చల్లదనం కన్నా అప్పుడే చల్లబడుతున్న క్షణాన్ని గట్టిగా చాటుతాయి. అందుకే వెళ్లి మళ్లీ వచ్చే గాలి ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. పెళ్లిభోజనాల్లో బంతి చివర కూర్చున్నవాళ్ల ముఖాలు చూడండి, తెలుస్తుంది.

*

ఫ్యాన్ ముందు పెట్టిన కొవ్వొత్తి ఆరిపోతుంది. అంతే దూరంలో వెనక పెడితే నిలుస్తుంది. వెనక గాలి అన్ని వైపుల నుంచీ నెమ్మదిగా చేరుతుంది. ముందుకు ధారగా దూసుకెళ్తూ పక్కనున్న గాలినీ వెంట లాక్కుపోతుంది. సాయంత్రం గదిలో వేడి పోవాలంటే ఫ్యాన్‌ను బయటివైపు తిప్పి, కిటికీకి ఆనించకుండా కాస్త ఎడంగా పెట్టడం అందుకే మేలు.

*

కరెంటు ఫ్యాన్లు 1880ల నాటివి. అమెరికాలో ఫిలిప్ డీల్ కుట్టుమిషన్ మోటారుకు రెక్కలు తగిలించి పైకప్పుకు వేలాడదీశాడు.

*

విశాఖ ఉక్కపోతలో చెమట ఆరక చిరాకు. రామగుండం మే ఎండల్లో చిక్కు వేరు: గాలే ఒంటికన్నా వేడి. 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ ఒంటిని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. ఆ పూట తడిగుడ్డే దిక్కు.

*

దోమలు ఎగరడంలో బలహీనులు, ఎదురుగాలికి నిలవలేవు. మన ఊపిరి జాడను కూడా ఫ్యాన్ చెదరగొడుతుంది. కాకపోతే దోమల కోసమైతే తల తిప్పనివ్వకండి. అది అటు తిరగ్గానే ఇవి ఇటు వాలతాయి.