ముట్టి చూడుడు

ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరు ప్రాంతమున రెడ్డిగూడెము అను మండల కేంద్రము కలదు. దాని పరిసరములందు మామిడి తోటలు విస్తారము. ఆ ఊరి రైతు ఒకడు నగరములో జరుగు వ్యవసాయ ప్రదర్శనమునకు పోయినట్లు ఊహింపుడు. తోటకు బిందు సేద్యపు గొట్టములు వేయవలెనని అతని కోరిక. అందులకు ఒక ఏటి పంటపై వచ్చిన సొమ్ములో చాల భాగము వెచ్చింపవలసి యున్నది. పొరపాటు జరిగినచో ఆ నష్టమును భరించువాడు అతడే.

ప్రదర్శనములో గొట్టములు అమ్ము అంగళ్ళు రెండు ప్రక్కప్రక్కనే యున్నవి. మొదటి అంగడివారు గొట్టములను గాజు పెట్టెలో అందముగా అమర్చి, “ముట్టరాదు” అని పలక కట్టిరి. రైతు క్షణకాలము చూచి ముందునకు సాగెను. రెండవ అంగడివారు చిన్న మడిలో గొట్టములు పరచి, కుళాయిని వచ్చినవారి చేతికే విడిచిరి. రైతు కుళాయి త్రిప్పెను. నీరు చుక్కలు చుక్కలుగా జారెను. అతడు మొదటి రంధ్రపు నీటిని ఒక గ్లాసులోను, చివరి రంధ్రపు నీటిని వేరొక గ్లాసులోను పట్టి పోల్చి చూచెను. అప్పుడతనికి ఒక సందేహము కలిగెను: “మా తోట ఏటవాలుగా నున్నది. మెరకనున్న చెట్టుకును, పల్లమునున్న చెట్టుకును నీరు సమముగా అందునా?” అంగడివాడు గొట్టము కొనను పైకెత్తి మరల కొలిచి చూడుమనెను. గాజు పెట్టె ముందు ఈ ప్రశ్న పుట్టనే లేదు. చేతికి పని కలిగినపుడు బుద్ధికిని పని కలుగును. ప్రదర్శన విద్యలోని మర్మమంతయు ఇదియే.

ఈ మర్మము క్రొత్తది కాదు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. అందు అలెగ్జాండర్ గ్రాహం బెల్ తాను కనుగొనిన టెలిఫోనును ఉంచెను. బల్లపై నున్నంతవరకు అది చిన్న పరికరము మాత్రమే. బ్రెజిల్ చక్రవర్తి దానిని చెవికి ఆనించుకొని దూరమునుండి వచ్చిన మాటలు విని ఆశ్చర్యపడెను. తీగ వెంట మాట నడచునని వందమంది చెప్పిన నమ్మనివారును తమ చెవితో వినిన పిమ్మట నమ్మక తప్పదు గదా!

జర్మనీలో ఆస్కార్ వాన్ మిల్లర్ అను ఇంజనీరు 1903లో మ్యూనిక్ నగరమున విజ్ఞాన ప్రదర్శనశాలను స్థాపించెను. అచ్చట సందర్శకులు మీటలు నొక్కి, పిడులు త్రిప్పి, యంత్రములను తామే నడిపి చూడవచ్చును. మన దేశములో 1959లో కలకత్తాయందు తెరువబడిన బిర్లా పారిశ్రామిక, సాంకేతిక ప్రదర్శనశాలయు ఈ మార్గమునే అనుసరించెను.

తెలుగు నేలపై వర్తకులు ఈ సంగతి ఎరుగనివారు కారు. హైదరాబాదులో 1938లో ఆరంభమైన “నుమాయిష్” ఏటేట నాంపల్లి మైదానములో జరుగుచున్నది. అచ్చట శాలువను చేతితో తడిమి చూడక కొనువారు అరుదు. రెడ్డిగూడెమున్న జిల్లాలోనే కొండపల్లి కలదు. అచ్చటి బొమ్మలను తెల్ల పొణికి కొయ్యతో చేయుదురు. బొమ్మలను వరుసగా పేర్చి ఊరకుండుటకంటె, పనివాడు వాటిని ఎదుట చెక్కుచు, ఒక కొయ్యముక్కను బాలుని చేతికిచ్చినచో, అది ఎంత తేలికయో బాలునికి వెంటనే తెలియును.

నేడు ఈ పనికి విద్యుత్ సాధనములు తోడైనవి. అందు మొదటిది స్పర్శ తెర. దాని అద్దముపై కంటికి కానరాని పలుచని విద్యుద్వాహకపు పూత యుండును. మానవ దేహమును విద్యుద్వాహకమే. వ్రేలు తాకిన చోట విద్యుదావేశము కొలదిగా మారును. ఆ మార్పు ఎచ్చట కలిగెనో యంత్రము గణించి, తగిన బొమ్మనో లెక్కనో చూపును. పొడి కొయ్యపుల్లతో తాకిన ఆ తెర పలుకకుండుటకు కారణమిదియే. రైతు తన తోట ఎన్ని ఎకరములో, చెట్ల నడుమ ఎంత ఎడమో తెలిపినచో, కావలసిన గొట్టముల పొడవును ఆ తెర క్షణములో చూపగలదు.

రెండవది కండ్లకు తగిలించుకొను పరికరము. అది రెండు కండ్లకును కొంచెము భేదము గల రెండు బొమ్మలను చూపును. మనస్సు వాటిని కలుపుకొనుటచే లోతు తోచును. తల త్రిప్పిన కొలది దృశ్యమును మారును. అంగడిలోనికి తేవీలు లేని పెద్ద కర్మాగారములో సైతము ఇట్లు తిరిగి చూడవచ్చును.

అయినను ఒక జాగ్రత్త అవసరము. కుళాయినుండి పడు నీరు ప్రకృతి నియమమునకు లోబడి యుండును. తెరపై పడు నీరు బొమ్మ గీసినవాని ఇష్టమునకు లోబడి యుండును. మొదటిది పరీక్ష; రెండవది వివరణ మాత్రమే. మీట నొక్కగానే దీపములు మెరసి సంగీతము మ్రోగిన జనులు గుమిగూడవచ్చును గాని, ఇంటికి పోవునపుడు వారి మనస్సున ఏమియు మిగులదు. కావున మంచి ప్రదర్శకుడు మూడు విషయములు గమనించును. సందర్శకుని చేతికి పని ఇచ్చును. ఆ పనికి తగిన ఫలము వెంటనే కనబడునట్లు చేయును. మార్చి చూచుటకు, సందేహించుటకు చోటు విడుచును. సరకు మంచిదైనచో పరీక్షకు వెరవవలసిన పని లేదు.

పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శనము జరుగునపుడు విద్యార్థులును ఈ సూత్రమును పాటింపవచ్చును. ఖరీదైన యంత్రములు లేకున్నను కొరత లేదు. ఒక గొట్టము, రెండు గ్లాసులు, కొంచెము నీరు చాలును. “ముట్టరాదు” అను పలకకు బదులు “ముట్టి చూడుడు” అని వ్రాసి, చూడవచ్చినవారు అడుగు ప్రశ్నలకు సిద్ధముగా నిలువవలెను.