మట్టి పొరల మధ్య విద్యుత్తు

కరెంటు తీగలో లోపల రాగి, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. రాగి విద్యుద్వాహకం, ప్లాస్టిక్ విద్యుద్బంధకం. ప్లాస్టిక్ గుండా విద్యుత్తు ప్రవహించదని చాలాకాలం అందరూ నమ్మారు. ఆ నమ్మకం సడలడానికి ఒక పొరపాటు దారి తీసింది.

1967లో టోక్యోలో హిడెకి షిరకావా పనిచేస్తున్న ప్రయోగశాలలో అసిటిలీన్ వాయువు నుంచి పాలిఎసిటిలీన్ అనే పాలిమర్‌ను తయారుచేస్తున్నారు. అక్కడ పనిచేస్తున్న ఒకరు ఉత్ప్రేరకాన్ని సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా వేశారు. నల్లని పొడి రావలసిన చోట వెండిలా మెరిసే పలుచని పొర ఏర్పడింది. చెడిపోయిందని దానిని పారవేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది! షిరకావా కారణం వెదికారు. 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెక్‌డయర్మిడ్, హీగర్‌లతో కలిసి అటువంటి పొరకు బ్రోమిన్, అయొడిన్ వంటి మూలకాల ఆవిరిని తగిలించారు. దాని వాహకత్వం లక్షల రెట్లు పెరిగింది. 2000లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇది ఎలా సాధ్యం? కిక్కిరిసిన బస్సులో ఎవరూ కదలలేరు. ఒకరు దిగితే ఆ ఖాళీలోకి పక్కవారు, వారి స్థానంలోకి మరొకరు జరుగుతారు. అయొడిన్ పాలిమర్ గొలుసు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లను లాగుకొని అలాంటి ఖాళీలను కల్పిస్తుంది.

పాలిఎనిలీన్ అనే మరో పాలిమర్‌కు ఆమ్లం తగిలితే చాలు. బంధకంగా ఉన్నప్పుడు నీలంగా ఉండే ఇది ఆమ్లంలో ఆకుపచ్చగా మారి వాహకమవుతుంది. అయితే దానిని కరిగించి కావలసిన ఆకారంలో పోత పోయడం కష్టం. పొరగా చేస్తే పెళుసుగా ఉంటుంది. అందువల్ల శాస్త్రజ్ఞులు దానికి తోడుగా బంకమన్నును ఎంచుకున్నారు.

మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకలలోని నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతాయి. వాటిలోని ఒక జాతి బంకమన్నే ఇందుకు కారణం. ఆ జాతికి చెందినదే మాంట్‌మోరిల్లనైట్. పుస్తకంలోని కాగితాలవలె దీనిలో పొరలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఉంటాయి. ఒక్కొక్క పొర మందం సుమారు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. పొరల నడుమ సోడియం వంటి ధన అయాన్లు ఉంటాయి. ఆమ్లంలో ధన అయాన్‌గా మారిన ఎనిలీన్ వాటిని తొలగించి లోపల చేరుతుంది. తరువాత ఆక్సీకరణిని కలిపితే ఆ ఇరుకు సందులలోనే పాలిఎనిలీన్ గొలుసులు తయారవుతాయి. ఇటువంటి పదార్థమే నానోకాంపొజిట్.

పొరలన్నీ ఒకే వైపుకు పరచుకొని ఉంటే విద్యుత్తు పొరల వెంట సులభంగా, పొరలకు అడ్డంగా కష్టంగా ప్రవహిస్తుంది. సాలు వెంట పారే నీరు గట్టు దాటలేకపోవడం వంటిదే ఇది. మన్ను స్వయంగా బంధకం కనుక దాని పాలు పెరిగేకొద్దీ వాహకత్వం తగ్గుతుంది. మట్టికి బదులు కొంత వాహకత్వం ఉన్న వెనేడియం పెంటాక్సైడ్ పొరలలో పాలిఎనిలీన్‌ను చేర్చిన ప్రయోగం 1989లో వెలువడింది. అక్కడ వేరే ఆక్సీకరణి అక్కరలేదు, ఆ పని పొరలే చేస్తాయి.

ఈ పదార్థాలు రాగి తీగకు సాటి రావు. అయితే పాలిఎనిలీన్, బంకమన్ను కలిసిన పూతను ఇనుముపై పూస్తే తుప్పు తగ్గుతుంది. నీరు, ఆక్సిజన్ మట్టి పొరల చుట్టూ మెలికలు తిరిగి పోవలసి రావడంతో ఇనుమును చేరడానికి ఎక్కువ కాలం పడుతుంది.