డ్రైవర్లకు మద్యపరీక్ష

తెల్లవారుజామున విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషనులో బందరు బస్సునో, గుడివాడ బస్సునో, అవనిగడ్డ బస్సునో ఎక్కి కూర్చున్న ప్రయాణికుడు డ్రైవరు ముఖమువైపు చూచుట అరుదు. కిటికీ ప్రక్కన చోటు దొరికినదా, కండక్టరు చిల్లర తిరిగి ఇచ్చినాడా అన్న చింతయే ఆ వేళ అతనికి ముఖ్యము. కాని ఆ బస్సు డిపో గేటు దాటుటకు ముందే ఒక చిన్న తంతు జరుగవలసియున్నది. చేతిలో ఇమిడెడి యంత్రమొకటి డ్రైవరు ముందుంచుదురు. అతడు దాని గొట్టమును నోట పెట్టుకొని, ఆగకుండ కొన్ని క్షణములు ఊదవలెను. యంత్రము సున్న చూపినచో బస్సు అతనికి అప్పగింపబడును. వేరొక అంకె చూపినచో ఆనాటికి అతనికి బస్సు లేదు; పిమ్మట విచారణ, సస్పెన్షను, ఒక్కొక్కప్పుడు ఉద్యోగమునకే ముప్పు.

ఆ అంకెపై ఒకవైపు నలుబది యేబది ప్రాణములు, మరియొకవైపు ఒక కుటుంబపు జీవనము ఆధారపడియున్నవి. అందుచేత అది ఎట్లు పుట్టునో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో బస్సు నడుపువారే గాక బస్సు ఎక్కువారును తెలిసికొనదగియున్నది.

ముందు చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నవాడు వాహనము నడుపుటయే కాదు, నడుపబూనుటయు నేరమే. ఈ హద్దు లారీకి, ఆటోకు, స్కూటరుకు ఒక్కటే. మొదటి తప్పునకు ఆరు నెలల వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. మరల చేసినచో రెండేండ్ల వరకు ఖైదు, లేదా 15,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. జరిమానాలను ఇంతగా పెంచినది 2019 సవరణ చట్టము. అమెరికాలో అనేక రాష్ట్రములలో సామాన్య డ్రైవరుకు హద్దు 80 మిల్లీగ్రాములు. బస్సు, లారీ నడుపు వృత్తి డ్రైవరుకు 40. ఆ లెక్కను చూచినచో మన చట్టమే కఠినమైనది. కాగితముమీద మాత్రమే అని కలుపవలసివచ్చును.

రక్తములోని వస్తువును ఊపిరిలో ఎట్లు కొలువగలరని సందేహము కలుగవచ్చును. ఆల్కహాలు తేలికగా ఆవిరియగు పదార్థము. రక్తము ఊపిరితిత్తులలోని సన్నని గోడల ప్రక్కగా పారునప్పుడు అందలి ఆల్కహాలులో కొంత ఆవిరియై గాలిలో కలియును. ఒక మిల్లీలీటరు రక్తములో ఉన్నంత ఆల్కహాలు, ఊపిరితిత్తుల అడుగునుండి వచ్చు 2,100 మిల్లీలీటర్ల గాలిలో ఉండునని శాస్త్రజ్ఞులు సగటున లెక్కకట్టినారు. గట్టిగా, చివరివరకు ఊదుమని చెప్పుట ఇందులకే; పై పై ఊపిరి నోటి గాలియే గాని ఊపిరితిత్తుల గాలి కాదు. 1954లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ అను ఆయన చేసిన యంత్రములో పసుపు వన్నె ద్రావకముండెడిది. ఆల్కహాలు తగిలిన కొలది దాని రంగు వెలసెడిది. నేటి మేలైన యంత్రములలో ప్లాటినము పలకలున్నవి. వానిని తాకిన ఆల్కహాలు రసాయనికముగా మారునప్పుడు స్వల్పమైన విద్యుత్తు పుట్టును; ఆ విద్యుత్తునే యంత్రము అంకెగా మార్చి చూపును. తాంబూలము, ఏలకులు, సోంపు నోటి వాసనను కప్పివేయునేమో గాని, ఈ యంత్రమునకు వాసనతో పని లేదు.

అసలు కష్టము రాత్రి త్రాగినవాని ఉదయపు లెక్కలో ఉన్నది. ఈ వ్యాసములో ఒక్క సంగతి గుర్తుంచుకొనదలచిన వారు దీనినే గుర్తుంచుకొనవలెను. శరీరములోని ఆల్కహాలును కరగించు పని ముఖ్యముగా కాలేయముది. అది తొందరపడదు. గంటకు సగటున 15 మిల్లీగ్రాముల చొప్పున, అనగా కొందరిలో 10, కొందరిలో 20 చొప్పున, ఆ అంకె దిగుచుండును. రాత్రి 11 గంటలకు 140 అంకెతో నిద్రపోయిన మనిషిని తీసికొందము. తెల్లవారి 5 గంటలకు ఆరు గంటల కాలము గడచును. ఆరు పదిహేనులు తొంబది. ఇంకను 50 మిగిలియున్నది. కాలేయము నెమ్మదిగా పనిచేయు శరీరమైనచో 80 మిగులును. అతడు నిద్రపోయినాడు, చన్నీళ్ళ స్నానము చేసినాడు, ఇడ్లీ తిన్నాడు, మనస్సు తేటగానే ఉన్నది. అబద్ధమాడుచున్నానన్న భావము లేకుండనే "నేను త్రాగలేదు" అని చెప్పును. యంత్రము మాత్రము ఒప్పుకొనదు. నిమ్మకాయ పిండిన మజ్జిగ గాని, చిక్కని కాఫీ గాని కాలేయమును పరుగెత్తింపజాలవు. కాఫీ నిద్రను తరుమును, అంతే. ఉదయపు డ్యూటీ ఉన్నవాడు సాయంకాలముననే జాగ్రత్తపడవలెను గాని ఉదయమున కాదు. ఈ మాట డ్రైవరుకంటె అతని ఇంటివారికి తెలియుట మంచిదని నాకు తోచుచున్నది. రాత్రి పెండ్లి విందులో "ఒక్కటి పుచ్చుకో బావా" అని బలవంతపెట్టు బంధువులకు తెలియుట మరియు మంచిది.

యంత్రము ఎన్నడును పొరపడదా? పొరపడును. దగ్గుమందులలో, హోమియోపతి టింక్చరులలో, నోరు పుక్కిలించు కొన్ని ద్రావకములలో ఆల్కహాలు ఉన్నది. వానిని వాడిన వెంటనే ఊదినచో రక్తములో లేని ఆల్కహాలు నోటిలో కనబడును. నోరు నీటితో పుక్కిలించి, 15 నిమిషములు ఆగి మరల ఊదినచో ఆ అంకె సాధారణముగా మాయమగును. రక్తములోనిదైనచో దాదాపు అట్లే ఉండును. ఒక్క ఊపిరితో తేల్చక రెండవ ఊపిరిని కోరుట ఇందువలననే న్యాయము. యంత్రమును నియమిత కాలమునకు ఒకసారి సరిచూచి, ఆ తేదీని పుస్తకములో వ్రాసియుంచవలెను. తక్కెడకు ముద్ర వేయించని వర్తకుని తూకమును మనము నమ్మము గదా.

ఈ విషయమున న్యాయస్థానములు డ్రైవరు పక్షమున కొన్ని మాటలు చెప్పినవి. నోటి వాసన, తడబడు నడక, ఎఱ్ఱబడిన కన్నులు — ఇవి మాత్రమే త్రాగినాడనుటకు చాలవని, రక్తపరీక్ష వంటిది ఉండవలెనని 1971లో మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన సరిహద్దుకు ఆవలనున్న మధిర డిపో డ్రైవరు ఒకరిని శ్వాసపరీక్ష ఆధారముగా తొలగించిన కేసులో, ఆ ఒక్క నివేదికతోనే ఉద్యోగము తీసివేయరాదని 2025లో తెలంగాణ హైకోర్టు నిర్ణయించినది.

ఇచట కృష్ణా జిల్లా బస్సుల చరిత్ర ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈ జిల్లాలోని ప్రైవేటు బస్సుదారుల రూట్లను ఆర్టీసీ స్వీకరింపబూనినప్పుడు వారి ఆక్షేపణలను రవాణా శాఖ కార్యదర్శి విన్నారు; నిర్ణయము ముఖ్యమంత్రి చేసినారు. 1958 నవంబరులో సుప్రీంకోర్టు దానిని అంగీకరింపలేదు. ఒకరు విని మరియొకరు తేల్చినచో ఆ వినుట వట్టి లాంఛనమని గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు సారాంశము. నాడు బస్సు యజమానులు గెలుచుకొన్న ఆ సూత్రమునే నేడు డిపో గేటువద్ద నిలిచిన డ్రైవరు కోరవచ్చును. తనకు రెండవ పరీక్ష చేసినారా, యంత్రము సరిచూచిన తేదీ ఏది, రక్తపరీక్షకు పంపినారా, తన సంజాయిషీని తేల్చువారే విన్నారా అని అడుగుట ధిక్కారము కాదు. అట్లని అసలు పరీక్షకే నిరాకరించుట వేరు. పోలీసువారు చట్టప్రకారము కోరిన పరీక్షకు సరియైన కారణము లేకుండ నిరాకరించినచో ఆ నిరాకరణయే అతనికి ప్రతికూల సాక్ష్యము కావచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది. వారికిని ఒక కట్టడి ఉన్నది: 185వ సెక్షను క్రింద నిర్బంధించిన వానిని రెండు గంటలలో వైద్యపరీక్షకు చేర్చవలెను, చేర్చనిచో విడువవలెను.

రైలు, విమానము విషయములలో కట్టుబాటు ఇంకను గట్టిది. విజయవాడ జంక్షనులో రైలింజను నడుపువారు డ్యూటీకి వచ్చినప్పుడును, దిగినప్పుడును ఊదవలెను. 1989 రైల్వే చట్టములోని 172వ సెక్షను ప్రకారము, డ్యూటీలో మత్తులోనుండి ప్రయాణికుల భద్రతకు ముప్పు తెచ్చు రైల్వే ఉద్యోగికి ఒక సంవత్సరము వరకు ఖైదు. గన్నవరమునుండి విమానము నడుపు పైలటునకు 12 గంటల ముందునుండి మద్యము నిషిద్ధము, అనుమతించిన అంకె సున్న.

ఇంతవరకు చెప్పినదంతయు మద్యమును గూర్చి. గంజాయి, మత్తుమాత్రలు ఈ యంత్రమునకు చిక్కవు. కొన్ని చోట్ల కల్లులో ఆల్ప్రజోలాము వంటి నిద్రమాత్రల పొడి కలుపుట తెలుగు దేశమున తెలియని సంగతి కాదు. అట్టి కల్లు త్రాగినవాడు యంత్రమునకు చిన్న అంకె చూపి, రహదారిపై నిద్రలో తూలును. జలుబునకు వేసికొను మాత్రలలో కొన్ని సహితము కునుకు తెప్పించును. డ్రైవరు తన వృత్తి ఏదో వైద్యునకు చెప్పి మందు వ్రాయించుకొనవలెను. మాదకద్రవ్యములకు మూత్రపరీక్ష కలదు గాని, అందును ఒక చిక్కు: గంజాయి ఆనవాలు దినముల తరబడి, అలవాటుపడిన వానిలో వారముల తరబడి నిలుచును. ఎప్పుడో తీసికొన్నాడని తెలియును గాని, ఇప్పుడు మత్తులో ఉన్నాడని తెలియదు. విమానయాన శాఖ 2022 జనవరి 31 నుండి తన సిబ్బందిలో కొందరిని ముందు చెప్పకుండ ఎన్నుకొని ఇట్టి పరీక్షలు చేయించుచున్నది. అమెరికాలో 1987లో మేరీలాండు రాష్ట్రమున చేజ్ అను చోట గంజాయి పీల్చిన రైలు సిబ్బంది సంకేతము దాటిపోగా 16 మంది మరణించిరి. ఆ పిమ్మట 1991లో రైలు, లారీ, బస్సు, విమాన యజమానులందరు తమ పనివారికి పరీక్షలు చేయింపవలెనని అచట చట్టమే వచ్చినది.

మన రోడ్లకు అట్టి చట్టము లేదు. ఆర్టీసీకి గేటు ఉన్నది. రైల్వేకు గేటు ఉన్నది. కాని ఆటోనగరునుండి బయలుదేరు లారీకి, కైకలూరు చెరువుల చేపలను మంచులో పెట్టుకొని బెంగాలునకు, అస్సామునకు పోవు లారీకి, ధాన్యము మోయు ట్రాక్టరుకు, రాత్రి హైదరాబాదు పోవు ట్రావెల్సు బస్సుకు గేటేది? యజమాని మనస్సాక్షియే గేటు. అది కొందరివద్ద తెరచియే ఉండును.

2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలము ముళ్ళపాడువద్ద ఒక ప్రైవేటు బస్సు రహదారి నడుమ కల్వర్టు సందులో పడగా సుమారు పదిమంది మరణించిరి. డ్రైవరును వారిలో ఒకడు. అతని శవపరీక్ష విషయమై నందిగామ ఆసుపత్రివద్ద పెద్ద వివాదము చెలరేగినది. అతడు త్రాగియుండెనని నేను చెప్పుట లేదు. బయలుదేరుటకు ముందు ఒక నిమిషములో తేలగల ప్రశ్న, ప్రమాదము జరిగిన పిమ్మట ఆసుపత్రి వాకిట తగవు అయినదని మాత్రమే చెప్పుచున్నాను. బ్రదికియున్న వాడైనచో "ఊది చూపినాను, సున్న వచ్చినది" అని ఒక కాగితము అతని పక్షమున పలికియుండెడిది. పరీక్ష డ్రైవరుకు శత్రువని తలచువారు ఈ కోణము కూడ ఆలోచింపవలెను.

యజమానులు తమకు సంబంధము లేదనుకొనుటయు సరికాదు. త్రాగి నడుపుటకు ప్రోత్సహించిన వానికి నడిపినవానితో సమానమైన శిక్ష అని 188వ సెక్షను. త్రాగి నడుపుటను ఇన్సూరెన్సు కంపెనీ తన రక్షణ వాదముగా చెప్పుకొనవచ్చునని 2019 సవరణ. అప్పుడు నష్టపరిహారపు బరువు యజమాని నెత్తికి రావచ్చును. ఇక పనిగంటలు. రోజునకు 8, వారమునకు 48 గంటలు, ప్రతి 5 గంటల పనికి అరగంట విశ్రాంతి అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము నిర్ణయించినది. 2025 నవంబరులో దాని స్థానమున క్రొత్త కార్మిక నియమావళి వచ్చినను 8, 48 గంటల హద్దు నిలిచియే ఉన్నది. ఆ హద్దు ఎన్ని లారీలకు తెలియునో చెప్పుట కష్టము. మూడు రాత్రులు లారీక్రింద చాపపై పడుకొన్నవాడు నాల్గవ రాత్రి నిద్రకై సీసా వెదకును. అది ఒప్పు కాదు; కాని పడుకొనుటకు ఒక గది, స్నానమునకు నీరు, రెండవ డ్రైవరు ఏర్పాటుచేయని యజమాని యంత్రము ఒకటి కొని గుమ్మమున పెట్టినంతమాత్రమున పని కాదు. రహదారికి 500 మీటర్లలోపల మద్యపు దుకాణములు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. మరుసటి యేడు పట్టణ ప్రాంతములకు సడలింపు లభించినది. విజయవాడ వంటి నగరము నడుమనుండి రెండు జాతీయ రహదారులు పోవుచుండగా ఆ సడలింపు అర్థమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మన ఇండ్లనుండి చేయదగినది కొంత కలదు. పిల్లలు పోవు పాఠశాల బస్సు డ్రైవరుకు ఉదయమున పరీక్ష జరుగుచున్నదా, దాని పుస్తకము ఎవరు వ్రాయుచున్నారు, యంత్రము ఎప్పుడు సరిచూచినారు అని తల్లిదండ్రుల సమావేశములో అడుగవచ్చును. ఇంటిలో మత్తుపదార్థములకు లోబడినవారు ఉన్నచో రాష్ట్రపు ఈగల్ విభాగము వారి 1972 నంబరునకు ఫోను చేయవచ్చును. రాత్రి ప్రయాణములో బస్సు అటునిటు ఊగుచు పోవుచున్నచో డ్రైవరుతో కలహింపక 112 నంబరునకు చెప్పవలెను; బస్సు నంబరు, అది పోవు దిక్కు, చివరగా దాటిన ఊరి పేరు సిద్ధముగా ఉంచుకొనవలెను.