తావుల్ చర్చి: గోడలు కొండల్లో, చిత్రాలు నగరంలో

స్పెయిన్‌కు ఈశాన్యాన ఉన్న కతలోనియాలో, పిరనీస్ పర్వతాల మధ్య బోయీ అనే ఇరుకైన లోయలో, సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న తావుల్ గ్రామపు అంచున నిలిచి ఉన్న పునీత క్లెమెంటు చర్చి, యూరప్ మధ్యయుగ కళాచరిత్రలో మహానగరాల కథీడ్రళ్లతో సమానమైన స్థానం సంపాదించుకుంది. పల్లె చర్చిలు ఏ సంవత్సరంలో వెలిశాయో చెప్పే ఆధారాలు అరుదుగా దొరుకుతాయి గానీ, ఈ చర్చి విషయంలో ఆ లోటు లేదు. లోపలి స్తంభాలలో ఒకదానిపై రంగుతో రాసిన లాటిన్ శాసనం ప్రకారం, బార్బాస్ట్రో పీఠాధిపతి రైముందు 1123 డిసెంబరు 10న ఇక్కడికి వచ్చి, వేదసాక్షియైన పునీత క్లెమెంటు పేరిట ఈ చర్చిని అభిషేకించి, పునీత కొర్నేలియు దేహావశేషాలను పీఠంలో ఉంచాడు. పునీతుల అవశేషాలను అలా నిక్షిప్తం చేయడం ఆనాటి అభిషేక క్రతువులో ముఖ్యభాగం. మరునాడే అదే ఊళ్లో మరియమ్మ చర్చికి కూడా అభిషేకం జరిగింది.

ఒక చిన్న కొండపల్లెలో వరుసగా రెండు రోజుల్లో రెండు చర్చిలకు అభిషేకం జరిపించగల స్తోమత ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు చరిత్రకారులు ఎరిల్ ప్రభువులను చూపిస్తారు. లోయపై అధికారం చెలాయించిన ఈ కుటుంబం, 1118లో సరగోసా నగరాన్ని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్న ఆరగాన్ రాజు మొదటి అల్ఫొన్సో పక్షాన యుద్ధాల్లో పాల్గొని సంపద కూడబెట్టిందనీ, అందులో కొంత ఈ కట్టడాలకు చేరిందనీ వారి అభిప్రాయం.

ఉత్తర ఇటలీలోని లొంబార్డీ ప్రాంతపు తాపీ పనివారి ద్వారా పదకొండో శతాబ్దంలో కతలోనియాకు చేరిన నిర్మాణ పద్ధతిని ఈ చర్చి అనుసరిస్తుంది. చిన్న చిన్న రాళ్లను వరుసలుగా పేర్చి కట్టిన గోడల పైభాగాన, తలుపుగానీ కిటికీగానీ లేకుండా అలంకారం కోసమే మలిచిన చిట్టి కమానుల వరుస, వాటి మధ్య నిలువుగా దిగే సన్నని పట్టీలు ఈ శైలికి గుర్తులు. లోపలి స్థలాన్ని రెండు వరుసల గుండ్రని స్తంభాలు మూడు పొడవైన భాగాలుగా విభజిస్తాయి. మధ్యభాగం వెడల్పైనది, పక్కవి ఇరుకైనవి. ప్రతి భాగమూ తూర్పు కొసన ఆప్స్ అనే అర్ధవృత్తాకారపు గదిలో ముగుస్తుంది, పీఠం ఉండేది అక్కడే. స్తంభాలకు శిల్పాలు చెక్కిన శీర్షాలు లేవు. పైన రాతి కప్పు కూడా లేదు, కట్టె దూలాలపై నిలిపిన వాలుకప్పే ఉంది. ఆగ్నేయ మూలన లేచిన ఆరంతస్తుల చతురస్రాకార గంటగోపురం మాత్రం ఈ నిరాడంబరత్వానికి మినహాయింపు. సన్నని చిరుస్తంభాలు విభజించే దాని కిటికీలు భారీ రాతికట్టుకు తేలికదనాన్నిస్తాయి.

అయితే ఈ చర్చి ప్రఖ్యాతికి మూలం మధ్య ఆప్స్‌లోని కుడ్యచిత్రం. తడి సున్నపు పూతపై రంగులద్దే ఫ్రెస్కో పద్ధతిలో, పేరు తెలియని చిత్రకారుడొకడు (కళాచరిత్రకారులు అతణ్ని తావుల్ గురువు అని వ్యవహరిస్తారు) ప్రపంచాంతాన తీర్పరిగా వచ్చే క్రీస్తును బాదంగింజ ఆకారపు కాంతివలయంలో కూర్చోబెట్టాడు. కుడిచేయి ఆశీర్వదిస్తుంది. ఎడమచేతిలోని పుస్తకంపై తానే లోకానికి వెలుగునని చెప్పే లాటిన్ మాటలుంటాయి, ఇరువైపులా గ్రీకు వర్ణమాలలోని మొదటి, చివరి అక్షరాలు వేలాడుతుంటాయి. పొడవాటి ముఖంలో ముక్కు గీతే పైకి సాగి కనుబొమలుగా విడిపోతుంది. జుట్టుపాయలు, గడ్డం, వస్త్రపు మడతలు అన్నీ కొలిచి గీసినట్టు క్రమబద్ధంగా ఉంటాయి. మనిషిని ఉన్నదున్నట్టు గీయడం చేతకాక ఇలా వేశాడనుకుంటే పొరపాటు, మానవాతీతమైన అధికారాన్ని చూపడానికి అతడు ఎంచుకున్న దారి అది. పక్కనే ఉన్న ఒక కమానుపై, ధనికుని గుమ్మం ముందు పడివున్న లాజరు పుండ్లను కుక్క నాకుతున్న దృశ్యంలో అదే కుంచె ఎంతో మెత్తబడుతుంది. ఇక్కడి నీలిరంగుకు దూరదేశపు రాళ్లు తెప్పించలేదు, పిరనీస్ ప్రాంతంలోనే దొరికే ఏరినైట్ అనే ఖనిజాన్ని వాడారని రసాయన పరీక్షలు చెబుతున్నాయి.

1907లో వాస్తుశిల్పి జోసెప్ పుచ్ నేతృత్వంలో పండితుల బృందమొకటి ఈ లోయకు వచ్చి చిత్రాలను నమోదు చేసేవరకు, బయటి ప్రపంచానికి వీటి విలువ పెద్దగా తెలియదు. తెలిసిన తరువాత ముప్పు కూడా వెంటనే వచ్చింది. కతలోనియాలోనే ఉన్న మూర్ గ్రామ చర్చి చిత్రాలను 1919లో వ్యాపారులు కొని గోడల నుంచి తీయించారు, అవి చివరకు అమెరికాలోని బోస్టన్ మ్యూజియానికి చేరాయి. ఆ ఉదంతంతో మేలుకొన్న బార్సిలోనా మ్యూజియం అధికారులు, మిగిలినవైనా దేశం దాటకుండా కొని తరలించాలని నిశ్చయించి, 1919-1923 మధ్య ఇటలీ నిపుణుడు ఫ్రాంకో స్తెఫనోని బృందంతో ఆ పని చేయించారు. చిత్రంపై జంతుజన్యమైన జిగురుతో గుడ్డను అంటించి, ఆరిన తరువాత మాను బెరడు వలిచినట్టు లాగితే రంగుపొర గుడ్డతో పాటే ఊడివస్తుంది. దాన్ని చుట్టగా చుట్టి, కంచరగాడిదలపై కొండ దింపి, బార్సిలోనాలో వెనుకవైపు కొత్త కాన్వాసు అతికించి, ముందరి జిగురును వేడినీటితో కరిగించారు.

ఈ తరలింపు సమంజసమేనా అన్న వాదన నేటికీ తెగలేదు. తీయకపోతే అవి విదేశాలకు అమ్ముడుపోయేవన్న మాట మూర్ అనుభవం దృష్ట్యా కాదనలేనిదే. కానీ తూర్పు కిటికీ నుంచి పడే వెలుగుకూ, పీఠం వద్ద జరిగే దివ్యబలిపూజకూ, చదువురాని గ్రామస్థుల చూపుకూ అనుగుణంగా వేసిన చిత్రం, మ్యూజియంలో ఆప్స్ వంపును ఎంత నిక్కచ్చిగా తిరిగి కట్టినా, సగం అర్థాన్ని కోల్పోయిందన్నది కూడా నిజం. 1959లో తావుల్ చర్చిలో ఆ లోటు పూడ్చేందుకు ఒక నకలు వేయించారు. 2013లో దాన్ని తొలగించి, 1123 నాటి చిత్రాల రూపాన్ని కాంతితో గోడలపై ప్రదర్శించే ఏర్పాటు చేశారు. నకలుకన్నా ఇదే నిజాయితీగల పద్ధతి, ఎందుకంటే స్తెఫనోని బృందం వదిలేసిన అసలు పూత ముక్కలు, వాటిలో కయీను తన తమ్ముడు హేబెలును చంపుతున్న దృశ్యంతో సహా, ఇప్పుడు ఏ ముసుగూ లేకుండా గోడపై కనిపిస్తున్నాయి. అంతకుముందే, 2000లో, తావుల్‌లోని రెండు చర్చిలతో కలిపి ఈ లోయలోని తొమ్మిది కట్టడాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.